ఫోన్‌పే, గూగుల్ పే పోటీదారులే కదా, ఒకరి క్యూఆర్ ఇంకొకరి యాప్‌లో ఎలా పనిచేస్తుంది?

వైజాగ్ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండికి ఫోన్‌పే స్టిక్కరే ఉన్నా గూగుల్ పేతో కట్టేయొచ్చు. ఆ క్యూఆర్‌లో ఉండేది బండి అతని యూపీఐ ఐడీ, దాన్ని ఏ యూపీఐ యాప్ అయినా చదువుతుంది. డబ్బు నడిచే దారి 2016లో ఎన్‌పీసీఐ (దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే సంస్థ) తెచ్చిన యూపీఐ. యాప్‌లు బ్యాంకుల ద్వారా దానికి కలుస్తాయి, నియమాలు అందరికీ ఒకటే.

పోటీ అంతా ఆ పైనే. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపులకు వ్యాపారి నుంచి ఎండీఆర్, అంటే లావాదేవీ మీద రుసుము, తీసుకోకూడదు. కాబట్టి సౌండ్‌బాక్స్ అద్దె, అప్పులు, రీఛార్జ్‌ల మీద సంపాదించుకోవాలి. డబ్బు పడిందని తెలుగులో చెప్పే ఆ చిన్న పెట్టెను తమదే పెట్టించాలని కంపెనీలవాళ్లు బండి బండికీ తిరిగేది అందుకే.

నన్ను కలవరపెట్టేది ఒకటుంది. దారి ఉమ్మడిదే అయినా లావాదేవీల్లో ఎక్కువ భాగం ఈ రెండు యాప్‌లదే. ఒక్కో యాప్‌కి 30 శాతం పరిమితిని ఎన్‌పీసీఐ 2020లోనే ప్రకటించింది, గడువు మాత్రం 2026 చివరికి జరిగింది. ఇక జరపకూడదు.