రెండవ అంకం తేలిపోతున్నదన్న మీ సందేహానికి సమాధానం

నమస్కారమండీ. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారిణి ఒకరు ఢిల్లీ అవకాశానికీ, తిరుపతిలోని ప్రేమికుడికీ మధ్య నలిగిపోయే మీ నాటకంలో రెండవ అంకం తేలిపోతున్నదని రాశారు. లోపం ఆమె పాత్రలో లేదు, అతని పాత్రలో ఉంది. అతన్ని స్వార్థపరుడిగా చిత్రించడంతో ఆమె వెళ్ళిపోవడం సులభమైపోయింది. అతని మాటలోనూ న్యాయం ఉంటేనే ఆమె నిర్ణయం మనల్ని కలచివేస్తుంది.

ఆ సంఘర్షణను సంభాషణల్లో కాక పనిలో చూపించండి. కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై, ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టి తీసిన కసిమి అనే నల్ల రంగుతో ఆమె గీస్తున్న గీత, అతను పెళ్ళి మాట ఎత్తిన క్షణంలో ఆగాలి. కలం నుంచి ఒక చుక్క జారి నల్లగా ఇంకిపోవాలి. ఆ మరక చెరిగేది కాదు. దాన్ని ఆమె పువ్వుగా మలుస్తుందా, గుడ్డనే పక్కన పెడుతుందా అన్న ప్రశ్నతో తెర దించండి.

రైల్వే స్టేషనులోని వీడ్కోలు దృశ్యాన్ని మాత్రం తీసివేయమని నా మనవి. పటిక నీళ్ళతో గీసిన చోట ఎరుపు, గుడ్డను రంగునీటిలో ఉడికించాకే తేలుతుంది కనుక, ఆ ఎదురుచూపును మూడవ అంకానికి అట్టిపెట్టుకోండి.