సెకండ్‌హ్యాండ్ వాయిద్యం పార్సిల్‌లో వెళ్లేటప్పుడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా అకౌస్టిక్ గిటార్‌ని వేరే ఊరి వ్యక్తికి అమ్మాను. హార్డ్ కేస్ ఉంది. దాన్ని అట్టపెట్టెలో పెట్టి పంపేస్తే సరిపోదా? తీగలు పూర్తిగా విప్పేయాలా?

జవాబు: సరిపోదు. హార్డ్ కేస్ మీద చిన్న గీత కూడా పడకుండా లోపలి గిటార్ విరిగిపోవచ్చు. కేస్ గిటార్‌ని పొట్ట దగ్గర, మెడ దగ్గర పట్టుకుంటుంది. మెడ చివర తీగలు చుట్టే భాగం, అంటే హెడ్‌స్టాక్ కింద మాత్రం ఖాళీ ఉంటుంది. పెట్టె వెల్లకిలా పడ్డప్పుడు కేస్ టక్కున ఆగిపోతుంది, ట్యూనర్ల (తీగలు బిగించే మరల) బరువు మోస్తున్న హెడ్‌స్టాక్ ఆగదు. దాంతో నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) వెనక, మెడ బాగా సన్నబడిన చోట పగులుతుంది. తీగల లాగుడుకు మెడ వంగకుండా లోపల ఉంచే లోహపు కడ్డీని (ట్రస్ రాడ్) బిగించడానికి గాడి తొలిచేది కూడా చాలా గిటార్లలో అక్కడే. హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండి, మెడంతా ఒకే చెక్కతో చేసినదైతే ఆ వంపు దగ్గర చెక్క పోగులు అడ్డంగా తెగి ఉంటాయి కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుకే ముందు కేస్ లోపలి సంగతి చూడండి. హెడ్‌స్టాక్ కింద, పైన, రెండు పక్కలా మెత్తని కాగితం ఉండలు గానీ ఫోమ్ గానీ పెట్టండి. ఖాళీ నిండాలి గానీ, హెడ్‌స్టాక్‌ని పైకి ఎత్తేంతగా కూరకూడదు. కేపో (మెడకు తగిలించే బిగింపు), శ్రుతి చూసే ట్యూనర్, స్ట్రాప్ లాంటివి కేస్ అరలోంచి తీసి విడిగా చుట్టండి. అర మూత ఊడితే అవే గిటార్ పైపలకను గీరేస్తాయి. కేస్ మూశాక నిలబెట్టి మెల్లగా ఊపండి. లోపల ఏమాత్రం కదిలినట్టు తెలిసినా మళ్లీ తెరిచి సర్దాల్సిందే.

లైట్ గేజ్ (సన్నరకం) స్టీల్ తీగలు ఆరూ కలిసి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ లాగుడు కూడా తోడవుతుంది. అలాగని పూర్తిగా విప్పేస్తే ట్రస్ రాడ్‌కి ఎదురు బలం లేక, నాలుగు రోజుల ప్రయాణంలో మెడ వెనక్కి వంగే అవకాశం ఉంది. ఒక్కో తీగను రెండు మూడు స్వరస్థానాలు దించితే చాలు. తీగలకూ, మెడ మీది లోహపు మెట్లకూ (ఫ్రెట్లు) మధ్య పలుచని అట్ట ఒకటి దూర్చండి.

బయటి పెట్టె రెండు పొరల అట్టది కావాలి. కేస్ చుట్టూ అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని గట్టిగా నింపండి. పొడవాటి పెట్టె నిలువునా పడుతుంది కాబట్టి పైకొనలోనూ అడుగునా ఇంకాస్త ఎక్కువే ఉండాలి. పాత గిటార్‌కి నైట్రోసెల్యులోజ్ పాలిష్ ఉంటే బబుల్ ర్యాప్, రబ్బరు ఫోమ్ నేరుగా తగలనివ్వకండి. అవి పాలిష్‌తో కలిసి మచ్చలు చేస్తాయి. మధ్యలో ఉతికిన నూలు గుడ్డ గానీ తెల్ల కాగితం గానీ వేయండి. ఇక ‘ఫ్రాజైల్’ స్టిక్కర్ అంటారా, అది మన మనశ్శాంతికే. కన్వేయర్ బెల్టుకి చదవడం రాదు.

ప్రశ్న: గిటార్ పెట్టె 8 కిలోలే తూగింది. కొరియర్ వాళ్లు 24 కిలోలకు లెక్క కట్టారు. ఇది మోసం కాదా?

జవాబు: కాదు. పెట్టె ఆక్రమించే చోటుకి కూడా బరువు కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా సంస్థలు 5000తో భాగిస్తాయి. 120 × 50 × 20 పెట్టె అయితే 24 కిలోలు వస్తుంది. అసలు బరువు, ఈ లెక్క, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. అందుకే బేరం కుదరక ముందే పెట్టె కొలతలు చూసుకుని, రవాణా ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి. మెడను స్క్రూలతో బిగించిన ఎలక్ట్రిక్ గిటార్ అయితే మెడ ఊడదీసి, బాడీ పక్కన పెట్టి పంపవచ్చు. పెట్టె 75 × 42 × 15కి దిగితే లెక్క తొమ్మిదిన్నర కిలోల లోపే. కానీ మెడ కూర్చునే గుంటలో పలుచని చెక్క పేళ్లో అట్టముక్కో ఉంటే పారేయకండి, తీగల ఎత్తు సరిచేయడానికి పెట్టినది అది. కొనేవారికి మళ్లీ బిగించి సెటప్ చేసుకోవడం రాకపోతే ఈ దారి వద్దు. జిగురుతో అతికించిన మెడలకు ఇది కుదరనే కుదరదు.

ప్రశ్న: వయొలిన్ కొన్నాను. తీగలన్నీ విప్పి పంపమని అమ్మేవారికి చెప్పాను. మంచిదేనా?

జవాబు: వెంటనే ఫోన్ చేసి వద్దని చెప్పండి. వయొలిన్‌లో తీగలను మోసే బ్రిడ్జికి గానీ, లోపల నిలబడే సౌండ్ పోస్ట్‌కి గానీ జిగురు ఉండదు. తీగల ఒత్తిడే వాటిని నిలబెడుతుంది. నాలుగు తీగలూ వదులైతే బ్రిడ్జి పడిపోతుంది, సౌండ్ పోస్ట్ కూడా పడి లోపల దొర్లుతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడం వాయిద్యాలు బాగుచేసేవారి పని. శ్రుతి కొద్దిగా మాత్రం దించి, తీగల కింది కొనలు తగిలించే టెయిల్‌పీస్ కింద మెత్తని గుడ్డ మడత పెట్టమనండి. ఒకవేళ బ్రిడ్జి పడ్డా దాని మీది ఫైన్ ట్యూనర్ (శ్రుతి సవరించే) స్క్రూలు పైపలకలో గుచ్చుకోవు. కమాను వెంట్రుకలు వదులు చేయాలి. భుజానికి ఆనించుకునే షోల్డర్ రెస్ట్ కేస్‌లో ఉండకూడదు.

ప్రశ్న: మంచి ఎండల్లో వీణ పంపవచ్చా?

జవాబు: ఆగగలిగితే ఆగండి. వీణ మెట్లు కూర్చునేది మైనం ముద్ద మీద. ఎండలో నిలిపిన వాహనంలో అది మెత్తబడి మెట్లు కుంగుతాయి, మొత్తం మళ్లీ వేయించుకోవాలి. తప్పనిసరైతే సొరబుర్ర ఊడదీసి వేరే పెట్టెలో పంపండి.

ప్రశ్న: పార్సిల్ విప్పితే గిటార్ పగిలి ఉంది. అమ్మినాయన ‘నేను బాగానే పంపాను’ అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందు ఏదీ పారేయకండి. పెట్టె, లోపలి ఫోమ్, టేపు, చిరునామా కాగితం అన్నీ ఉంచండి. ప్యాకింగ్ సరిగా లేదనడమే పరిహారం తిరస్కరించడానికి మామూలుగా చెప్పే కారణం, దానికి సాక్ష్యం ఆ పెట్టే. పెట్టె ఆరు వైపులా, పగులు దగ్గర నుంచీ ఫొటోలు తీసి ఆ రోజే కొరియర్‌కి రాతపూర్వకంగా తెలపండి. దేశాలు దాటి విమానంలో వచ్చిన సరుకైతే, దెబ్బతిన్నట్టు ఫిర్యాదు చేయడానికి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం గడువు అందుకున్ననాటి నుంచి 14 రోజులు. అయినా అంతదాకా ఆగవద్దు. సాధారణంగా పరిహారం అడగాల్సింది పంపినవారే, ఎందుకంటే కొరియర్‌తో ఒప్పందం వారిది. కాబట్టి ఆయనతో గొడవ పెట్టుకుంటే మీకే నష్టం.

ఇలాంటి గొడవల్లో చిక్కు పంపే ముందే మొదలవుతుంది. సీరియల్ నంబరు, నట్ వెనక భాగం, మెడ అతుకు, బ్రిడ్జి, ఉన్న గీతలు అన్నీ అమ్మేవారు ఫొటో తీయాలి. కేస్ మూయడం నుంచి పెట్టెకు టేపు వేయడం దాకా ఒకే వీడియోలో ఉండాలి. కొన్నవారు విప్పేటప్పుడు కూడా అంతే. బాగా చలిలోంచి వచ్చిన పార్సిల్ అయితే బయటి పెట్టె విప్పి వీడియో తీసి, కేస్ మాత్రం గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచండి. చల్లటి చెక్క ఒక్కసారిగా వేడెక్కితే పాలిష్ సన్నగా చిట్లుతుంది. బీమా కట్టే ముందు మినహాయింపుల జాబితా చదవాలి, వాయిద్యాలు అందులో ఉండే సంస్థలున్నాయి. పేపాల్ లాంటి సేవల్లో డబ్బు పంపేటప్పుడు ‘స్నేహితులకు, బంధువులకు’ అనే దారి ఎంచుకుంటే కొన్నవారికిచ్చే రక్షణ సాధారణంగా వర్తించదు. ఫీజు మిగుల్తుందని అమ్మేవారు ఎంత బతిమాలినా సరే, ఒప్పుకోకండి.

ప్రశ్న: రోజ్‌వుడ్ గిటార్‌ని విదేశానికి అమ్మవచ్చా?

జవాబు: ఏ రోజ్‌వుడ్ అన్నదే ముఖ్యం. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందంలోని మొదటి జాబితాలో ఉంది. పాత గిటార్ ఒక్కటే అయినా అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు, కస్టమ్స్‌లో జప్తు కావచ్చు. డాల్బర్జియా జాతిలోని మిగతా రోజ్‌వుడ్‌లతో తయారైన పూర్తి వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి ఆ అనుమతి అక్కర్లేదు. నట్‌లో గానీ అలంకారంగా పొదిగిన ముక్కల్లో గానీ ఏనుగు దంతం, తాబేలు డిప్ప ఉంటే సంగతి వేరు. అమ్మకానికి పెట్టకముందే మీ దేశపు సైటీస్ అధికారులకు రాసి అడగండి.