సైకిల్ యాత్రలో నీళ్లు బాగా తాగినా కళ్లు తిరిగాయి.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 46. విజయవాడలో ఉంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. తలసేమియా పిల్లల కోసం విరాళాలు సేకరించడానికి పోయినసారి మా గ్రూపుతో సైకిల్ మీద మచిలీపట్నం వెళ్లి, అదే రోజు తిరిగొచ్చాను. దారి పొడవునా నీళ్లు బాగానే తాగాను. అయినా వచ్చేటప్పుడు పామర్రు దాటాక తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలయ్యాయి. రెండు చేతుల్లో చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి మూడు రోజులకు గానీ తగ్గలేదు. ఈసారి కూడా వెళ్లాలని ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ముందు కొన్ని పరీక్షలు చేయించుకోవాలి. నీళ్లు బాగానే తాగానన్నారు కదా, నా అనుమానం దాని మీదే. చెమటలో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఉప్పు పోతున్నప్పుడు గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతుంటే రక్తంలో సోడియం పడిపోతుంది. మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కూడా మూత్రం ద్వారా సోడియాన్ని బయటికి పంపేదే. రెండూ కలిస్తే తలనొప్పి, వికారం రావచ్చు. ఆ రోజు కడుపు ఉబ్బరంగా ఉండి, వేళ్లు వాచి ఉంగరం బిగుసుకుందేమో గుర్తు చేసుకోండి. అలా ఉంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. ఎండ దెబ్బకూ ఇలాంటి లక్షణాలే ఉంటాయి కాబట్టి ఖాయంగా చెప్పలేను.

సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు, ఈసీజీ చేయించుకుని మీ డాక్టర్‌ని కలవండి. బీపీ ఉండి 45 దాటాయి కాబట్టి టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) కూడా అవసరమేమో అడగండి. యాత్ర రోజు మాత్ర ఎలా వేసుకోవాలో ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు మానేయొద్దు.

విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) సుమారు 70 కిలోమీటర్లు, రానూపోనూ 140. సముద్రం వైపు వెళ్లేకొద్దీ గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే తెల్లవారకముందే బయల్దేరండి. దాహం వేసినప్పుడల్లా కొద్దికొద్దిగా తాగండి, బలవంతంగా బాటిళ్లు ఖాళీ చేయొద్దు. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని లీటరులోనే కలపండి, చిన్న బాటిల్‌లో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు మంచివే. ఉయ్యూరులో చెరకు రసం తాగాలనిపిస్తే ఐస్ లేకుండా తాగండి.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఈ వారంలోనే గంటసేపు సైకిల్ తొక్కి, ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన బరువు, మధ్యలో తాగిన నీళ్లు కలిపితే గంటకు మీకు ఎంత చెమట పోతోందో తెలుస్తుంది. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగుతున్నట్టే.

ఇక వేళ్ల తిమ్మిరి. చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర అల్నార్ నరం ఉంటుంది. హ్యాండిల్ మీద ఒళ్లంతా ఆనించి గంటలకొద్దీ కూర్చుంటే అది నలుగుతుంది. సీటు ముందుకు వాలి ఉన్నా, హ్యాండిల్ మరీ కిందికి ఉన్నా బరువంతా చేతుల మీదే పడుతుంది. మెకానిక్‌తో సరిచేయించండి. మెత్తటి గ్లౌజులు వేసుకుని, కొద్ది నిమిషాలకోసారి పట్టు మార్చండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకున్న కాగితాన్ని ఎవరైనా లాగితే జారిపోతోందా? అయితే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకి చూపించండి.

దారిలో ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మీ బీపీ మాత్రతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పిల్లల కోసం తొక్కుతున్నాం, మధ్యలో ఆగితే ఏం బాగుంటుంది అనిపిస్తుందని నాకు తెలుసు. కానీ మీరు 70 కిలోమీటర్లు తొక్కారా, 140 తొక్కారా అని విరాళం ఇచ్చినవాళ్లు అడగరు. ఈసారి బందరు వరకు తొక్కి, తిరుగు ప్రయాణం వ్యానులో చేయండి. మీ మందుల పేర్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో పెట్టుకుని, ఆ సంగతి పక్కన తొక్కేవాళ్లకి చెప్పండి. గుండెలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, పిచ్చిగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా వాళ్లు వెంటనే 108కి ఫోన్ చేయాలి.