డిగ్రీ లేకుండా డిజైన్ ఉద్యోగం: ప్రెస్ నుంచి వచ్చిన నా అనుభవం

పైచదువు లేకుండా డిజైనర్ ఉద్యోగం దొరుకుతుందా, సర్టిఫికెట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని అడిగారు. ఉద్యోగం దొరుకుతుంది. కోర్సు ఒక్కటే సరిపోదు.

నాకూ డిగ్రీ లేదు. ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తూ ఇటు వచ్చాను. దొడ్డిదారి అనుకునేవాళ్లను అనుకోనివ్వండి. ఇతరులు వేసిన డిజైన్లను అచ్చుకు సిద్ధం చేయడం నా పని. కత్తిరించే అంచు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అంచు దాటి అదనంగా వదిలే రంగు) ఉందా, ఫొటో 300 డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్కకు) తగ్గిందా అని చూసేవాణ్ని. చిన్న అక్షరాల నలుపును నాలుగు సిరాలు కలిపి వేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన రంగు నీడ తేలుతుంది. అందుకే వాటికి నల్ల సిరా ఒక్కటే వాడతారు. ఇవన్నీ చూడగా చూడగా, తెరమీద అందంగా ఉన్నదానికీ చేతిలోకి వచ్చాక పనికొచ్చేదానికీ తేడా పట్టుబడింది. యాప్‌ల పనిలోకి మారాక నన్ను ఆదుకున్నది ఆ చూపే.

కాబట్టి డిజైనర్ అన్న హోదా కోసమే కాచుకుని కూర్చోకండి. అచ్చు, సైన్‌బోర్డులు, ఫ్రంటెండ్ కోడింగ్ (తెరమీద కనిపించే భాగానికి కోడ్ రాయడం), చివరికి కస్టమర్ సపోర్ట్ అయినా సరే, ముందు ఆ పనిలో చేరండి. జనం ఏ బటన్ దగ్గర తికమకపడుతున్నారో అందరికంటే ముందు తెలిసేది సపోర్ట్‌లో ఉన్నవాళ్లకే.

గూగుల్ యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవాన్ని డిజైన్ చేయడం) సర్టిఫికెట్ లాంటివి పదజాలం, పద్ధతి నేర్పుతాయి, కాదనను. ఇప్పుడు ఉద్యోగానికి వచ్చేవాళ్ల పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్లు చేసిన పనుల నమూనాలు, చూసే పని నాది. కోర్సు అభ్యాసాలతో నింపినవన్నీ కవల పిల్లల్లా ఉంటాయి. పేరున్న యాప్‌కు ఎవరూ అడగకుండా చేసిన కొత్త ముస్తాబులైతే మరీ విసుగు. ఈమధ్య ఒక అమ్మాయి చూపించినది ఒకే ఒక్క దరఖాస్తు ఫారం. పాతదానిలో తప్పు నింపితే గడి ఎర్రబడేది, అంతే. తను ఆ గడి కిందే తప్పేమిటో మాటల్లో రాసింది. లేత బూడిద అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంట్రాస్టును, వెబ్ అందరికీ అందేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏఏ స్థాయి కోరే 4.5:1 దాటించింది. ఫోను నంబరు మధ్య ఖాళీలు వదిలినా ఫారం తీసుకునేలా చేయించింది. వద్దనుకున్న నమూనాలను కూడా కారణాలతో సహా పెట్టింది. చదువు సంగతి మేమెవరమూ అడగలేదు.

అలాంటి నిజమైన పని కావాలంటే, కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు వెతకండి. అక్కడ కోడ్ రాసేవాళ్లే ఎక్కువ, డిజైనర్లు తక్కువ. పనిముట్లకు ఖర్చు అక్కర్లేదు, పెన్‌పాట్, ఇంక్‌స్కేప్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే.

మీ మనసు భవన నిర్మాణం మీద ఉంటే మాత్రం లెక్క వేరు. ఆర్కిటెక్చర్ కళాశాల మెట్లెక్కని జపాన్ ఆర్కిటెక్ట్ తడావో ఆండోకు 1995లో ఆ రంగంలో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చిన మాట నిజమే. అయినా చాలా దేశాల్లో ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలంటే లైసెన్సు ఉండాలి, దానికి సాధారణంగా గుర్తింపు పొందిన చదువు కావాలి. గ్రాఫిక్, వెబ్, యాప్ పనులకు ఆ అడ్డు లేదు. దరఖాస్తులను డిగ్రీ చూసి జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్‌తోనే చిక్కు. అందుకని దరఖాస్తు పెట్టి ఊరుకోకుండా, ఆ బృందంలోని డిజైనర్‌కే మీరు చేసిన పనుల్లో ఒకదాన్ని రెండు పేరాల వివరణతో నేరుగా పంపండి.