ప్రశ్నలు – జవాబులు: మావి డాల్ఫిన్ల లెక్క

ప్ర: న్యూజిలాండ్‌లో మావి డాల్ఫిన్లు 54 మాత్రమే మిగిలాయని చదివాను. సముద్రంలో తిరిగేవాటిని ఎలా లెక్కపెట్టారు?

జ: ఒక్కొక్కటీ లెక్కపెట్టలేదండీ, అది అంచనా. చాలా రకాల డాల్ఫిన్లను వీపు రెక్క మీది గాట్లను బట్టి ఫోటోల్లో గుర్తుపడతారు. మావి డాల్ఫిన్ల గుండ్రటి రెక్క మీద అలాంటి గుర్తులు అరుదు. అందుకే ఉత్తర దీవి పడమటి తీరంలో పడవ మీద నుంచి తేలికపాటి బాణం వదిలి, చిటికెడు చర్మం తీసి, డీఎన్ఏతో పోల్చుకుంటారు. వరసగా రెండు వేసవులు ఇదే పని. ఉదాహరణకు మొదటి వేసవిలో 40, రెండోసారి 40 దొరికి, వాటిలో 30 పాతవే అయితే, 40ని 40తో హెచ్చవేసి 30తో భాగించాలి. సుమారు 53 వస్తుంది. రెండుసార్లూ పడవ ఒకేచోట తిరిగితే పాతవే మళ్లీ తగిలి అంకె తగ్గిపోతుంది. 2020-21 అంచనాలో ఏడాది దాటినవి 54. అసలు సంఖ్య 48, 66 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

ప్ర: చేపల వలల్లో డాల్ఫిన్లు చిక్కకుండా, శబ్దంతో వాటిని దూరంగా ఉంచే పింగర్లు కడితే చాలదా? వలల నిషేధమే ఎందుకు?

జ: పింగర్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు. బ్యాటరీ అయిపోయిందంటే అది ఉన్నా లేనట్టే. సముద్రంలో కట్టి వదిలేసే నైలాన్ వలలో చిక్కిన డాల్ఫిన్ ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతుంది. ఆడది ఏడేళ్ల వయసు దాటాక గానీ ఈనదు, ఆపైన రెండు నుంచి నాలుగేళ్లకు ఒక్క పిల్ల. అన్నీ కలిసొచ్చినా మంద ఏటా 2 శాతం పెరుగుతుంది, అంటే ఒక్కటి. వేలల్లో ఉన్న జాతికైతే పింగర్లతో సరిపెట్టుకోవచ్చేమో, ఇక్కడ కుదరదు. అందుకే 2003లో పెట్టిన వలల నిషేధాన్ని 2008లో, 2020లో ఇంకా పెంచారు.

ప్ర: పిల్లులకూ డాల్ఫిన్లకూ సంబంధమేంటి?

జ: టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. దాని గుడ్లలాంటి కణాలు పిల్లి మలంలోనే వస్తాయి, వాననీటితో వాగుల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరతాయి. మావి డాల్ఫిన్లు దీనివల్ల చనిపోయినట్టు శవపరీక్షల్లో తేలింది. మురుగునీటి శుద్ధిలో ఈ కణాలు పూర్తిగా చావవు. కాబట్టి పిల్లి మలాన్ని టాయిలెట్లో పోయకుండా సంచిలో కట్టి చెత్తలో వెయ్యాలి. నా దృష్టిలో వలలకన్నా ఇదే కష్టమైన పని, ఊరపిల్లులకు చట్టం చెప్పలేం కదా.

ప్ర: పట్టి తెచ్చి పెంచకూడదా?

జ: 2017లో మెక్సికోలో వాకిటాలతో, అంటే డాల్ఫిన్లలాంటి చిన్న సముద్ర జీవులతో, ఈ ప్రయత్నం చేశారు. పట్టిన రెండింటిలో పిల్లను బెదిరిపోయిందని వదిలేశారు. పెద్ద ఆడది గంటల్లోనే చనిపోయింది. పని అక్కడితో ఆపేశారు.