టెక్ సందేహాలు: డాంగిల్‌తో కువైట్‌కి మాట్లాడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కువైట్‌లో ఉంటాడు. కంప్యూటర్‌కి చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ పెట్టుకుంటే ఫోన్, నెట్ లేకుండానే వాడితో మాట్లాడొచ్చని వీడియోలో చూశాను. నిజమేనా?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మాట్లాడే దారి ఉంది కానీ ఆ డాంగిల్‌తో కాదండీ. ఎస్‌డీఆర్ అంటే పనిలో చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో. మీరు చూసింది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అయ్యుంటుంది. కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూడటానికి తయారైన పరికరమది. గాలిలోని సిగ్నల్‌ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇచ్చేస్తుంది. ఆ పైన వడపోత, మాటగా మార్చడం లాంటివి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అందుకే అంత చవక. అయితే అది వింటుందే గానీ పంపలేదు.

అయినా వినడానికైనా కొనమనే చెబుతాను. 2018లో ప్రయోగించిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో హామ్ రేడియో వాళ్ల (లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) కోసం క్యూఓ-100 అనే రిలే, అంటే కింది నుంచి వచ్చిన మాటని తిరిగి కిందికి పంపే పరికరం ఉంది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని పరిధే. మనకూ, కువైట్‌కూ అందుతుంది. భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి డిష్ ఒక్కసారి బిగిస్తే చాలు. తెలంగాణ నుంచి దాదాపు పడమరకి, కాస్త దక్షిణంగా, నేలకి 28 డిగ్రీల ఎత్తులో తిప్పాలి. పాత డీటీహెచ్ డిష్ సరిపోతుంది. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ అందుకుని దాని ఫ్రీక్వెన్సీని తగ్గించే డబ్బా) మీద 9750 అని ఉందో లేదో చూసుకోండి. అది తగ్గించే మెగాహెర్ట్జ్ అంతే. ఉపగ్రహం బీకన్ (గుర్తు కోసం ఎప్పుడూ పంపుతుండే సిగ్నల్) 10,489.750 మెగాహెర్ట్జ్, అందులోంచి 9,750 తీసేస్తే 739.750. డాంగిల్‌ని అక్కడ ట్యూన్ చేస్తే బీకన్ తెరమీద నిలువు గీతలా కనిపిస్తుంది. ఎండెక్కేకొద్దీ ఎల్‌ఎన్‌బీ వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. అప్పుడు మనిషి గొంతు బాతు అరిచినట్టు వినిపిస్తుంది. బీకన్ చూసుకుంటూ కాస్త సర్దితే మాట తేటపడుతుంది. ఒక్క జాగ్రత్త: ఎల్‌ఎన్‌బీకిచ్చే కరెంటు డాంగిల్‌లోకి వెళ్తే అది కాలిపోతుంది. కరెంటుని ఎల్‌ఎన్‌బీ వైపే పంపి డాంగిల్ వైపు రాకుండా ఆపే బయాస్-టీ అనే చిన్న పరికరం మధ్యలో తప్పనిసరి.

తిరిగి మాట్లాడాలంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో పంపాలి. దానికి ఆడల్మ్-ప్లూటో లాంటి పంపగలిగే ఎస్‌డీఆర్, కొన్ని వాట్ల యాంప్లిఫయర్, అన్నిటికంటే ముందు లైసెన్స్ కావాలి. అబ్బాయికీ అక్కడి లైసెన్స్ ఉండాలి. ఈ మాటలు ఎవరైనా వినొచ్చు. రహస్య కోడ్‌లో మాట్లాడకూడదు, వ్యాపారం అసలే కుదరదు. కాబట్టి ఇంటి గుట్టు, డబ్బు లెక్కలు ఫోన్‌లోనే మాట్లాడుకోండి.

ప్రశ్న: ఆ లైసెన్స్‌కి ఇంజినీరింగ్ చదివుండాలా?

జవాబు: అక్కర్లేదు. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. కేంద్ర టెలికాం శాఖ నిర్వహిస్తుంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోని సంప్రదించండి. నాన్నతో పాటు పిల్లలూ చదివి రాయదగ్గ సిలబసే.