ఇరవై ఏళ్లు ఓడిన జట్టు అభిమానికి ఏం బాకీ?

ప్రశ్న: మేము పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. పైరేట్స్ బేస్‌బాల్ జట్టు ఆటలకు ఏళ్లుగా సీజన్ టికెట్లు కొంటున్నాను. జట్టు ఓడడం మానదు, యజమాని మంచి ఆటగాళ్ల మీద డబ్బు పెట్టడు. ఇది వినియోగదారుణ్ని మోసం చేయడం కాదా? అభిమానులందరం కలిసి దావా వేస్తే డబ్బు వెనక్కి వస్తుందా? — ఒక పాఠకుడు

జవాబు: రాదు. ఎందుకు రాదో చెప్పే ముందు ఒక మాట. మీ బాధ అతిశయోక్తి ఏమీ కాదు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువగా మూటగట్టుకున్న జట్టు మీది. 2013లో 94 ఆటలు గెలిచి ఊరికి ప్రాణం పోసింది కానీ ఆ ముచ్చట ఎంతో కాలం నిలవలేదు. 2019 నుంచి 2025 దాకా మళ్లీ ఏటా అదే కథ. దీనికి తోడు 2010లో బయటికి పొక్కిన లెక్కల పత్రాల్లో 2007, 2008 సంవత్సరాలకు కలిపి క్లబ్బుకు సుమారు 2.9 కోట్ల డాలర్ల లాభం కనిపించింది. కడుపు మండిందంటే మండదూ మరి!

అయితే కోర్టు ముందుగా అడిగేది, మీరు డబ్బిచ్చి కొన్నదేమిటని. చట్టం దృష్టిలో టికెట్ అంటే స్టేడియంలోకి వచ్చి, కేటాయించిన సీట్లో కూర్చుని, ఆ రోజు జరిగే ఆట చూడడానికి ఇచ్చిన అనుమతి. గెలుపు అందులో లేదు. మంచి ఆట కూడా లేదు. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఫుట్‌బాల్ జట్టు ఎదుటి జట్టైన న్యూయార్క్ జెట్స్ సంకేతాలను దొంగచాటుగా వీడియో తీస్తూ పట్టుబడింది. జెట్స్ సీజన్ టికెట్లున్న ఒక అభిమాని, ఆయన స్వయంగా న్యాయవాది, మోసపు ఆటకు డబ్బు కట్టించుకున్నారని దావా వేశారు. 2010లో మూడో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. సీటు ఇచ్చారు, ఆట చూశారు, అంతటితో ఒప్పందం తీరిపోయిందన్నది. కోపముంటే బహిరంగంగా విమర్శించండి, టికెట్లు కొనడం మానేయండి అని దారి కూడా చూపించింది. ఆ తీర్పుకు ఆధారం న్యూజెర్సీ చట్టం. మీ రాష్ట్రం పెన్సిల్వేనియాలో వేరుగా వస్తుందని నాకైతే ఆశ లేదు. ఎదుటివాడు మోసం చేసిన ఆటకే పరిహారం దక్కనప్పుడు, నిజాయితీగా ఓడిన ఆటకు ఎలా దక్కుతుంది?

యజమాని ఖర్చు పెట్టకపోవడం సంగతి చూద్దాం. షికాగో కబ్స్ కంపెనీలో వాటాదారు ఒకరు, యజమాని రిగ్లీ స్టేడియంలో దీపాలు పెట్టించి రాత్రి ఆటలు ఆడించడం లేదని, అందువల్లే నష్టాలొస్తున్నాయని కోర్టుకెక్కారు. అప్పటికి మిగిలిన 19 పెద్ద జట్లకూ దీపాలున్నాయి. బేస్‌బాల్ పగటి ఆట అని, రాత్రి ఆటలతో చుట్టుపక్కల వీధులు పాడవుతాయని యజమాని ఫిలిప్ రిగ్లీ పట్టు. మోసమో చట్ట ఉల్లంఘనో స్వార్థపు లావాదేవీయో ఉంటే తప్ప వ్యాపార నిర్ణయాల్లో తలదూర్చబోమని 1968లో ఇల్లినాయ్ అప్పీలు కోర్టు చెప్పేసింది. దీపాలు వెలిగింది 1988లో. సొంత వాటాదారుకే దిక్కులేని చోట టికెట్ కొన్నవారి మాట ఎవరు వింటారు?

పెద్ద క్లబ్బుల నుంచి వచ్చే ఆదాయ వాటాను ఆట మెరుగుపరచడానికే వాడాలన్న నియమం ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. కానీ అది క్లబ్బులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందం. 2018లో ఆ సంఘం పైరేట్స్‌తో సహా నాలుగు క్లబ్బుల మీద ఫిర్యాదు కూడా చేసింది. మీరు అందులో పక్షం కాదు.

మరి మీకు ఏదైనా బలముందంటే అది కాగితంలో ఉంది. ఇక్కడ మీ ఊరి స్టీలర్స్ కేసు తప్పక తెలుసుకోవాలి. 1998లో కొత్త స్టేడియం కోసం ఆ ఫుట్‌బాల్ క్లబ్బు సీటు హక్కులు అమ్ముతూ, సెక్షన్ల పటాలతో కరపత్రం పంపింది. జనం పటం చూసి డబ్బు కట్టారు. తర్వాత పెద్ద ఒప్పందం వచ్చింది, సంతకాలు చేశారు. తీరా చూస్తే కొందరికి పటంలో ఉన్నచోట సీటు రాలేదు. 2004లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు క్లబ్బు పక్షానే నిలిచింది. ఎందుకంటే, ఇదే సంపూర్ణ ఒప్పందం, ఇంతకు ముందు చెప్పినవేవీ చెల్లవు అన్న క్లాజు అందులో ఉంది. కరపత్రం చిత్తు కాగితమైంది, వినియోగదారుల చట్టం కిందా ఊరట దక్కలేదు. అందుకని అమ్మేవాళ్లు ఫోనులో ఏ సౌకర్యం చెప్పినా, సంతకం పెట్టే కాగితంలో అది రాయించుకోండి. ఈమెయిలు మాత్రమే సరిపోతుందనుకోవద్దు.

జట్టు మీకు నిజంగా బాకీ పడేది భద్రత. 1970 జులై 16న, పైరేట్స్ అప్పట్లో ఆడిన త్రీ రివర్స్ స్టేడియం తెరిచిన రోజున, లోపలి నడవలో వెళ్తున్న ఒకావిడ కంటికి, ఆటకు ముందు సాధనలో కొట్టిన బంతి గోడ ఖాళీలోంచి వచ్చి తగిలింది. సీట్లో కూర్చున్నవారు బంతి ప్రమాదాన్ని ఒప్పుకున్నట్టే గానీ నడవలో నడిచేవారు కాదని 1978లో ఇదే రాష్ట్ర సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. ఆ దావాలో ప్రతివాదుల్లో పైరేట్స్ క్లబ్బు కూడా ఉంది.

ఇంకొక దారి రాజకీయమైనది. పైరేట్స్ ఇప్పుడు ఆడే పీఎన్‌సీ పార్కు స్టేడియం క్లబ్బు ఆస్తి కాదు, ప్రభుత్వ సంస్థది. 1997లో అమ్మకపు పన్ను ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించినా, తర్వాత మరో పథకంతో ఎక్కువ భాగం ప్రజాధనంతోనే కట్టారు. లీజు పొడిగింపు చర్చకు వచ్చినప్పుడు షరతులు పెట్టమని అడిగే హక్కు పన్ను కట్టేవారిగా మీకుంది. టికెట్ కొన్నవారి హక్కుకన్నా అదే గట్టిది.

దావా ఆలోచన మానుకుని, ముందు మీ ఖాతా షరతులు తెరవండి. టికెట్ దానంతటదే రెన్యువల్ అయ్యే క్లాజు ఉందా, ఉంటే ఏ తేదీలోగా వద్దని రాతపూర్వకంగా చెప్పాలి, ఉమ్మడి దావా వేయబోమని ముందే ఒప్పుకున్నారా అన్నవి చూసి ఆ పేజీలు నాకు పంపండి.